వంగమొక్క ఏసీని ఊడదీయవద్దని

కూరగాయల పరిశోధన కేంద్రం డైరెక్టరుగారి సముఖమునకు,
టిష్యూ కల్చర్ విభాగపు సహాయకుడు సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: సీసాలోని వంగమొక్క ప్రాణం నిమిత్తం, పెంపక గదిలోని ఏసీని ఊడదీయకుండా నిలుపుదల చేయుట గురించి.

1. తమ కార్యాలయపు ఉత్తర్వు నిన్న అందినది. పెంపక గదిలో మనుషులెవరూ కూర్చోవడం లేదు గనుక అక్కడి ఏసీ వృథా అనియు, తమ గదిలోనిది పాడైనందున దీనిని అక్కడ బిగించవలెననియు అందులో ఉన్నది. మనుషులు కూర్చోని మాట వాస్తవమే. అక్కడ ఉండేది వంగమొక్క.

2. సదరు మొక్క పూర్వాపరములు మనవి చేసుకొనుచున్నాను. వంకాయ కోస్తే పురుగు కనబడని ఇల్లు లేదు. ఆ పురుగును ఆపే జన్యువును మొక్కలోకి చేర్చుటకై లేత వంగాకులను ముక్కలు చేసి, జన్యువును మోసుకుపోయే బాక్టీరియా ద్రావణంలో ముంచి, మందు కలిపిన జెల్లీ మీద పరిచితిమి. జన్యువు అందిన ముక్క ఆ మందును తట్టుకొని చిగురించును. అందనిది పాలిపోయి చచ్చును. దాదాపు అన్నీ చచ్చినవి. కొన్నిటికి బూజు పట్టినది. ఒకటి చిగురు వేసి కూడా, వేరు వేయనని మొండికేసినది. చివరికి ఒక్కటంటే ఒక్కటి వేరు వేసి నిలబడినది. కొండను తవ్వి ఎలుకను పట్టానని తమరు మీటింగులో సెలవిచ్చారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, బాధ కలిగింది. ఎలుకదైనా ప్రాణమే కదండీ.

3. సీసాలో పుట్టిన మొక్క బహు సుకుమారం. ఒంట్లో నీరు ఎలా దాచుకోవాలో దానికింకా తెలియదు. మెల్లమెల్లగా బయటి గాలి అలవాటు చేసి కుండీలోకి దింపవలెను. ఈలోగా గది వేడెక్కిందా, సాయంత్రానికి తల వాల్చేయును.

4. ఈ అంశం కేవలం వ్యక్తిగతం. “ఆ సీసా వంక చూసినట్టు ఒక్కరోజైనా నా వంక చూడండి” అని నా భార్య చాలాకాలంగా దెప్పుచున్నది. న్యాయమే. ఏం చేయను, కాకి పిల్ల కాకికి ముద్దు. నిన్న ఉత్తర్వు సంగతి చెప్పగా మాత్రం ఆవిడ వడ్డన ఆపి, “పెద్దాయనకి చెమట పడితే తుడుచుకుంటాడు. దానికి చేతుల్లేవుగా” అన్నది. ఈ మాట అర్జీలో ఉండదగినది కాదని ఎరుగుదును. కొట్టివేయుటకు మనసొప్పలేదు.

5. ప్రత్యామ్నాయముగా మా ఇంటి టేబుల్ ఫ్యాను తమకు పంపుచున్నాను. తల తిప్పేటప్పుడు టకటకమనును. కింద కాగితం మడిచి పెడితే ఊరుకొనును.

కావున మొక్క కుండీకి చేరేవరకైనా సదరు ఉత్తర్వును ఆపించవలసినదిగా వేడుకొనుచున్నాను. అయ్యా, నాకు భయంగా ఉంది. ఇది పోతే మళ్లీ మొదటి ఆకు నుంచి మొదలుపెట్టే ఓపిక నాకు లేదు. దయతో చిత్తగించవలెను.

ఇప్పటివరకు తమ విధేయుడు,
టిష్యూ కల్చర్ సహాయకుడు

తా.క.: అర్జీ మడిచేలోపే ఎలక్ట్రీషియను నిచ్చెనతో వచ్చాడు. కాళ్లావేళ్లా పడ్డా వినకుండా ఏసీని ఊడదీసి తమ గదిలో బిగించేశాడు. తమరు మీటింగులో ఉన్నారు. ఏసీ ఎక్కడుంటే మొక్క అక్కడే ఉండాలి గనుక, సీసాను దాని లైటుతో సహా తమ బల్ల మీదికి చేర్చాను. హాయిగా ఉంది. జన్యువు మార్చిన మొక్క ఉన్న గదికి తాళం వేయాలనీ, అనుమతి ఉన్నవారు తప్ప లోపలికి వెళ్లకూడదనీ తమరు సంతకం చేసిన నిబంధన ఒకటుంది. అనుమతి ఉన్నది నాకొక్కడికే. తాళం వేశాను. తమ ఫైళ్లు, కళ్లజోడు వరండాలో బల్ల మీద ఉన్నాయి, కుర్చీ కూడా వేయించాను. లోపలికి రావాలనుకుంటే ఒక అర్జీ పెట్టుకోండి. సానుభూతితో పరిశీలిస్తాను.