అన్నయ్యకు తెలియని రుచి

మంగళవారం రాత్రి, గుంటూరు

రేపు అన్నయ్య నాలుక మీది పుండుకు ఆపరేషన్. తర్వాత రుచి తెలియకపోవచ్చని డాక్టరు గారు అన్నప్పటి నుంచి, ఊరంతా తిరిగి తినాలని ఒకటే పట్టు పట్టాడు. ఇన్నేళ్లూ మిరపకాయల లారీతో యార్డుకు వచ్చి వెళ్లడమే తప్ప గుంటూరు చూసిందే లేదట.

బ్రాడీపేటలో నెయ్యి ఇడ్లీ తుంచి వదిలేశాడు. కొత్తపేటలో మిరపకాయ బజ్జీ కొరికేసరికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"చాల్లే అన్నయ్యా, మంటగా ఉంది కదా," అన్నాను.

"మంటొక్కటే తెలుస్తోందే. రుచి అప్పుడే పోయింది. నువ్వు తిని చెప్పు, ఎలా ఉందో."

తిన్నాను. వాము, చింతపండు, సన్నగా తరిగిన ఉల్లిపాయలు... అంత మంచి బజ్జీ నేనెప్పుడూ తినలేదు.

"ఏం బాగాలేదు, అంతా ఉప్పే," అన్నాను.

నమ్మాడో లేదో. "అయితే ఇంకో వీధికి పోదాం పద," అన్నాడు.

ఇప్పుడు నిద్రపోతున్నాడు. ఆపరేషన్ అయ్యాక మాటైనా ఉంటుందా అని డాక్టరు గారిని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.