మీ స్పీకర్లకు సరిజోడు

ఏమండీ,

మీ సంవత్సరీకం నాడు కూడా కలం పట్టని నేను ఇవాళ రాస్తున్నాను. మీ బొంబాయి స్పీకర్లు మళ్లీ పాడాయి. ఆ మాట చెప్పుకోవడానికి మీరు తప్ప నాకు ఎవరున్నారు?

అడవి నుంచి వచ్చిన దళం అన్నలు మీటింగుకని మీ ఆంప్లిఫయర్ తీసుకుపోయి, తిరిగి ఇవ్వలేదు కదా. ఆ తర్వాత పెట్టిన చిన్నదానితో శబ్దం కాస్త పెంచితే చాలు, పాట చిరిగినట్టు వినిపించేది. "స్పీకర్లే ఖరాబైనయ్ వదినా, అమ్మేద్దాం" అంటూ సిరిసిల్ల నుంచి వచ్చిన మీ తమ్ముడు బేరగాణ్ని కూడా మాట్లాడాడు. తప్పు స్పీకర్లది కాదనీ, వాటిని పాడించే బలం ఆ చిన్నదానికి లేదనీ మీరు అనడం నాకు గుర్తుంది. కోరుట్ల దుకాణంలో పెద్దది అడిగాను.

"భజనలు ఇనుటానికి గింత పెద్దదెందుకక్కా? ఊరంత ఇనిపియ్యాల్నా?" అని దుకాణదారు నవ్వాడు.

"మెల్లగనే ఇంట. గొంతు పగలకుంటే చాలు" అన్నాను.

ఇవాళ పొద్దున దీపం పెట్టి, మీ భజన క్యాసెట్ వేశాను. తాళాల చప్పుడు కూడా తేటగా, విడిగా వినిపించింది. బేరగాణ్ని వెంటబెట్టుకొచ్చిన మీ తమ్ముడు గడపలోనే ఆగిపోయాడు. ఆ మనిషి ధర మాట ఎత్తగానే, "జర ఆగుండ్రి, ఇననీయుండ్రి" అన్నాడు. భజన అయ్యాక అతన్ని పంపేశాడు.

గెలిచానండీ! ఈ కాగితాలు మీ దగ్గరే దాచుకోండి, ఎవరికీ చూపకండి. నేనింత మురిసిపోయానని తెలిస్తే మీ తమ్ముడు నన్ను ఏడిపిస్తాడు.