తొమ్మిదో కంటి రివిట్లు

పద్నాలుగు కండ్ల బ్రిడ్జి క్యాంపు,
జూన్ 8.

ప్రియమైన నాయనకు,

నిస్సీ వందనాలు. ఫ్యాక్టరీకి మామిడికాయల లారీలు మొదులైనాయా? హారన్ కొడితే నీకు వినపడదని, లైటు ఏసి సూపించమని డ్రైవర్లకు చెప్పి పెట్టు. ముప్పై ఏండ్లు రివిట్లు కొట్టి చెవులు పోగొట్టుకున్నోడిని తీసుకపోయి గేటుకాడ వాచ్‌మన్‌గా పెట్టిన ఆ మేనేజరు తెలివికి దండం పెట్టాల. ఫోన్లో మెసేజి పెడితే చీమ తలకాయంత అక్షరాలు కనపడవంటావు కాబట్టి కాయితం మీద పెద్దగా రాస్తా ఉండా. ఒళ్ళు మండి గూడా పెద్దగా రాస్తా ఉండా.

మా పెయింటు గ్యాంగు ఇప్పుడు ఏట్లో రెండు స్తంభాల నడుమ ఉండే తొమ్మిదో కంటికి వచ్చింది. నువ్వు ఈ బ్రిడ్జి మీద పని చేసినోడివే, నీకు తెలుసు, ఆడ గడ్డరు దూలం అడుగున రెండు ముక్కలు కలిపే పెద్ద అతుకు పలక ఉండాది కదా. తుప్పు గీకతా ఉంటే ఆ పలక రివిట్ల తలల కింద ఎర్రనీళ్ళు కారిన చారలు కనపడినాయి. నువ్వు నేర్పినట్టే, మా గ్యాంగులోని గిరిని అవతల పక్క సుత్తితో కొట్టమని, ఈ పక్క తలకూ పలకకూ కలిపి వేలు ఆనించినా. కదిలింది నాయనా. పదకొండు కదిలినాయి. చుట్టూ సుద్దతో సున్నాలు చుట్టినా.

ఇంజనీరు రాజారత్నం సారు వచ్చినాడు. నిచ్చెన మీదనే నిలబడి నాలుగు దెబ్బలు కొట్టినాడు. టంగుమని పలికింది. "గట్టి రివిట్టు ఇట్లనే పలుకుతాది. నువ్వేమి ఇనుముకు నాడి పట్టి సూస్తావామ్మే, డాక్టరమ్మా?" అన్నాడు. గ్యాంగంతా నగినారు. సుత్తి కొట్టిన గిరి గూడా నగినాడు. నా సున్నాలు గోనెగుడ్డతో తుడిపించి, ఈ నెల 28 నుంచి ఈ కంటికి పెయింటు అని చెప్పి పోయినాడు.

పెయింటు పడితే ఇంక ఐదారేండ్లు ఆ తలల మీద ఎవురూ చెయ్యి పెట్టరు. పైన రైలుబండ్లు పోతానే ఉంటాయి, తిరుపతి కొండకు పోయొచ్చే గుండోళ్ళు, పిల్లోళ్ళు, అందురూ దాంట్లోనే. నేను పదో తరగతి తప్పిందాన్ని, సారు శానా సదివినోడు. సుత్తి అబద్ధమా, నా వేలు అబద్ధమా? బిరీన రాయి.

నీ బిడ్డ,
నిస్సీ


చిత్తూరు,
జూన్ 11.

ప్రియమైన పాప నిస్సీకి,

నాయన దీవెనలు. నేను బాగుండా. ఈడ నేలంతా మామిడి రసం, నడిస్తే చెప్పులు ఊడి నేలకే అతుక్కుంటాయి.

నీ వేలు అబద్ధం చెప్పదు. సారు మీద నోరు చేసుకోబాక.

ఒక పని చెయ్యి. ఆ తలల మీద పాత పెయింటు పూర్తిగా గీకు. తల అంచు చుట్టూ ఉలి గాట్లు ఉండాయేమో సూడు. అది ఏటికి ఎగువ పక్క గడ్డరా, దిగువ పక్కదా? మరిసిపోకుండా రాయి.

బెల్టు లేకుండా దిగబాక. వేళకు అన్నం తిను.

నాయన,
ప్రేమానందం


క్యాంపు,
జూన్ 14.

ప్రియమైన నాయనకు,

దిగువ పక్క గడ్డరే. నువ్వు చెప్పినట్టే గీకి సూసినా. తలల అంచు చుట్టూ కజ్జికాయ అంచు ఒత్తినట్టు ఉలి గాట్లు. ఎవుడో వదులు రివిట్లను తీసి కొత్తవి ఎయ్యకుండా, తల అంచును ఉలితో కొట్టి పలకకు అదిమేసినాడు. పైన సుత్తికి గట్టిగా పలుకుతాది, లోపల కడ్డీ బొక్కలో ఆడతానే ఉంటాది. మొత్తం పలకంతా గీకి లెక్కపెట్టినా. నలభై ఒకటి.

ఎవుడు నాయనా వాడు, సోమరి నాయాలు? ఆ పొద్దు ఇంటికి పోయి కడుపు నిండా తిని పడుకోనుంటాడు. వాడు కన్న పిల్లోళ్ళను ఎప్పుడన్నా ఈ బండి ఎక్కించినాడా అని అడగాలని ఉండాది.

మళ్ళీ సారు కాడికి పోయినా. పాత రిజిస్టరు తీసి సూపించినాడు. ముప్పై ఏండ్ల కింద ఆ నలభై ఒకటీ మార్చి కొత్తవి ఏసినట్టు రాసుండాది.

"రిజిస్టరు బాగుందంటాది, సుత్తి బాగుందంటాది. నీ వేలొక్కటే కాదంటాది. దేన్ని నమ్మమంటావు?"

"ఏసినోడి పేరు ఉండాదా సారూ?"

"గ్యాంగు నంబరే ఉండాది. పేరుంటే ఏం చేస్తావు, పోయి కొడతావా?"

కొడతా అన్నా. బయటికి తోలేసినాడు.

నువ్వు ఆ కాలంలో ఈడ ఉన్నోడివి. నంబరు పదిహేడు. అది ఎవురి గ్యాంగో కనుక్కో. వాడు బతికుంటే, నేనే అంచు కొట్టినా అని ఒక్క మాట రాయించి పంపించు. రాసినోడే రాసింది తప్పంటే సారు ఇంక ఏమంటాడో సూస్తా. 28 లోపల కావాల.

నీ బిడ్డ,
నిస్సీ


క్యాంపు,
జూన్ 23.

నాయనకు,

మూడు దినాల్లో వచ్చే కాయితం తొమ్మిది దినాలైనా రాలేదు. ఫ్యాక్టరీకి ఫోన్ చేస్తే నువ్వు బాగుండావని, గేటుకాడ కుర్చీలో కూర్చోనుండావని చెప్పినారు. అంటే కావాలనే రాయలేదు.

నిన్న ఆ పలక కాడ పెయింటు డబ్బాలు దించినారు. నేను మూత తియ్యనని చెప్పినా. నా బెల్టు, హెల్మెట్ పీకేసుకున్నారు. ఇప్పుడు వంట షెడ్డులో బియ్యం ఏరతా ఉండా. గిరి వచ్చి "మీ నలభై ఒక్క మంది సుట్టాలు క్షేమంగా ఉండారు మే" అంటాడు. రాళ్ళు ఏరిన చేట వాడి మీద ఇసిరేసినా.

నీకు చెవులు పోయినాయని తెలుసు. చేతులు గూడా పోయినాయా? వాడెవుడో నీకు తెలిసుంటాది. పాత సావాసం అని దాస్తా ఉండావు. అట్లయితే నువ్వూ వాడూ ఒకటే.

నిస్సీ


చిత్తూరు,
జూన్ 26.

ప్రియమైన పాపకు,

నువ్వూ వాడూ ఒకటే అని రాసినావు. పదిహేడు నంబరు గ్యాంగు నాది. వాడు నేనే.

ఆ పొద్దు మధ్యాన్నం మూడు గంటల సేపు బండ్లు ఆపి మాకు బ్రిడ్జి ఇచ్చినారు. నేను సుత్తి, మునివెంకటప్ప అవతల పక్క రివిట్టు కదలకుండా ఆపు ఇనుము పట్టేది. పని మొదులు పెట్టేలోపలే వాన దంచింది. కొలిమి ఆరిపోయింది. ఎర్రగా కాలనిది రివిట్టు ఎక్కదు కదా. పైనుంచి పని సూసే పెద్దాయన ఒకటే కేకలు, "బండి నిలబడి ఉండాది, అయిందా లేదా" అని. "అంచు కొట్టేస్తాం అబ్బా, రేపు వచ్చి మారుస్తాం" అన్నాడు మునివెంకటప్ప. కొట్టినాం. తెల్లారితే మమ్మల్ని ఇంకో ఏటి మీది బ్రిడ్జికి తోలినారు. రిజిస్టర్లో కొత్తవి అని రాసినారు, మేము కాదనలేదు. టయానికి పని ముగించినామని నాకు గోడగడియారం ఇచ్చినారు. నువ్వు గంటలు సూసేది నేర్చుకుంది దాంట్లోనే.

మునివెంకటప్ప సచ్చిపోయినాడు. ఇంక తెలిసినోడిని నేనొక్కడినే.

సుత్తిని ఎట్ల మోసం చెయ్యాలో నా చేతికి తెలుసు. అందుకే నీకు వేలు పెట్టేది నేర్పినా. నీ మొదటి కాయితం సూసినప్పుడే నా పనేనేమో అనుకున్నా. ఎగువ పక్క అని రాస్తావేమో, వేరే ఎవురి పనో అయ్యుంటాదేమో అని ఆశపడి అడిగినా.

పిల్లోళ్ళను ఆ బండి ఎక్కించినాడా అని అడిగినావు. నిన్ను పనికి పంపిన పొద్దు నేనే ఎక్కించినా. బండి బ్రిడ్జి దాటే టయం అయ్యేవరకు ఆ గడియారం ముందర నిలబడినా.

ఈ తొమ్మిది దినాలూ రాసి చింపినా పాపా. ఇప్పుడు రెండో కాయితం సారుకు. నా పేరు, గ్యాంగు నంబరు, చేసిన పని అంతా రాసి సంతకం పెట్టినా. పోస్టును నమ్మలేక, మీ క్యాంపు మీదుగా తిరుపతికి పోతా ఉండే మా ఫ్యాక్టరీ శకుంతలమ్మ చేతికి ఇచ్చి పంపిస్తా ఉండా. నువ్వు సారుకు ఇయ్యలేకపోతే చెప్పు, నేనే వచ్చి ఇస్తా.

నాయన


క్యాంపు,
జూన్ 29.

నాయనకు,

ప్రియమైన అని రాసేదానికి చెయ్యి రావడం లేదు. ఆ గడియారంలో నేను గంటలు నేర్చుకోకుండా ఉండింటే బాగుండు.

కాయితం ఇచ్చినా. ఇచ్చేముందు ఒక పూటంతా జాకెట్లో పెట్టుకోని తిరిగినా, అది గూడా రాస్తా ఉండా. సారు రెండుసార్లు సదివినాడు. బెల్టు కట్టుకోని గడ్డరు కిందికి దిగినాడు. గిరి కొట్టినాడు, సారు వేలు పెట్టినాడు. ఐదో దాని కాడ చాలు అన్నాడు. పైకి వచ్చి నీళ్ళు తాగి, పెయింటు నిలిపించినాడు. బండ్లు మనిషి నడకన పోవాలని బోర్డు పెట్టించినాడు. నా బెల్టు తెచ్చి నా చేతికిచ్చినాడు. డాక్టరమ్మా అనలేదు.

నీ కాయితం పైవాళ్ళకు పోయింది. నిన్ను ఏం చేస్తారని అడిగినా. తెలీదన్నాడు. నాకూ తెలీదు.

నలభై ఒకటీ తీసి బోల్టులు ఎయ్యాలంట. దానికి ముందు, వేరే కండ్లలో గూడా అంచు కొట్టినవి ఉండాయేమో కొట్టినోడే వచ్చి సూపించాల అన్నాడు సారు. బుధవారం పొద్దున ప్యాసింజర్ ఎక్కు. గడియారం దించి సంచిలో ఏసుకోని రా, సారు బల్ల మీద పెట్టు. దిగువ పక్క కిటికీ కాడ కూర్చో. బ్రిడ్జి వచ్చేసరికి బండి బాగా నిదానిస్తాది, ఏమైందో అని లేసి నిలబడబాక. తొమ్మిదో కంటికాడ నేను నిలబడుంటా, కనపడతా.

ఆడ గిరి వద్దు. నువ్వు కొట్టు, నేను వేలు పెడతా.

నీ బిడ్డ,
నిస్సీ