మూడెకరాల మిరప, ఐదు శీలాలు

నవంబర్ 3, ఉదయం 5

ధ్యానం గంటన్నర. లేవబుద్ధి కాలేదు. ధ్యాన శిబిరంలో బౌద్ధ భిక్షువు భంతే గారి ముందు పంచశీలాలు తీసుకుని నేటికి నెల. చంపను, దొంగిలించను, పరస్త్రీ జోలికి పోను, అబద్ధమాడను, మత్తు ముట్టను. ఐదోది రోజూ తప్పుతున్నానని ఇవాళే తట్టింది. బైపోలార్ అని డాక్టర్ రాసిచ్చిన లిథియం మత్తు కాక మరేంటి? ఆరేళ్లుగా చేతులు వణికించి, బుర్రకి మూత పెట్టింది. మాత్రలన్నీ దొడ్లో పారబోశాను.

నవంబర్ 9

నిద్ర మూడు గంటలు. చాలు.

మిరప పూత నిండా నల్ల తామర పురుగులు. ఒక్కోదాన్నీ పేరు పెట్టి పిలవాలనిపించింది. మందు కొట్టే పని అన్న సాయిరాం నాకు అప్పగించాడు. ఏదో ఒక పనిలో పడితే వీడు కుదుటపడతాడని వదినతో అన్నాడట. పది మందు డబ్బాలు. సీలైనా తీయకుండా మోటారు షెడ్డు వెనక గొయ్యి తీసి పాతిపెట్టాను. ట్యాంకులో ఉత్త నీళ్లు నింపి మూడెకరాలూ తడిపాను. అన్న గట్టు మీద నిలబడి చూసి మెచ్చుకున్నాడు.

నవంబర్ 16

రెండోసారి నీళ్లు కొట్టాను. ఈ జిల్లాలో నా అంత కరుణ గలవాడు ఇంకెవడున్నాడు?

నవంబర్ 27

ఆకు ముడుచుకుపోయింది. పూతంతా రాలింది. మందు నకిలీదని అన్న తేల్చాడు. అమ్మింది మాలిక్. పదో తరగతి దాకా నా బెంచీవాడు. ఆరేళ్ల కిందట నేను బట్టలిప్పుకుని రోడ్డెక్కితే దుప్పటి కప్పి, తన కారులో గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్లినవాడు.

నేనేమీ అనలేదు. ఈ వారం ఎవరితోనూ మాట్లాడకూడదనే ఆర్యమౌనంలో ఉన్నాను.

నవంబర్ 29

పొదిలిలో మాలిక్ కొట్టు మీదికి మా ఊరివాళ్లు నలభై మంది వెళ్లారు. నేనూ వెళ్లాను. షట్టరు విరగ్గొట్టారు. అన్న మాలిక్ చొక్కా పట్టుకుని చెంప పగలగొట్టాడు. అడ్డొచ్చిన వాళ్లమ్మ జాన్‌బీని ఎవరో తోస్తే మెట్ల మీద పడింది. తుంటి విరిగింది. మాలిక్ నా వైపు తిరిగి, ఒరేయ్ మందు కొట్టింది నువ్వేగా, నువ్వన్నా చెప్పరా అన్నాడు. కళ్లు మూసుకుని శ్వాస గమనిస్తూ నిలబడ్డాను. సిగ్గులేని శ్వాస, చక్కగా ఆడింది.

డిసెంబర్ 8

మనసు అడుక్కి పడిపోయింది. నాలుగు రోజులుగా మంచం దిగలేదు. ఛీ, ఏం బతుకు నాది.

భంతే గారికి ఫోన్ చేసి అంతా చెప్పాను. మాత్ర రోగానికి నాయనా, అది మత్తు కాదు, నువ్వు తప్పింది నాలుగోది, పోయి నిజం చెప్పు అన్నారు.

సాయంత్రం అన్నకి చెప్పాను. గొయ్యి ఎక్కడో కూడా చెప్పాను. అన్న లేచి వాకిలి తలుపు మూశాడు. తర్వాత అన్నం తిన్నావా అని అడిగాడు.

డిసెంబర్ 9

పెద్దమనుషుల ముందు ఒప్పుకున్నాను. మాలిక్ కూడా ఉన్నాడు. అందర్నీ షెడ్డు వెనక్కి తీసుకెళ్లి తవ్వాను. మోకాటి లోతు తవ్వినా ఏమీ లేదు. పక్కన తవ్వాను. అక్కడా లేదు. ఎవడో నవ్వాడు. పోయినసారి వీడు బుద్ధుడి తమ్ముణ్ణని చెప్పుకు తిరిగాడుగా అన్నాడు ఇంకొకడు. మావాడి తలకాయ సంగతి మీకు తెలిసిందేగా, మాత్రలు మానేశాడు, మనసులో పెట్టుకోబాకండి అని అన్న ఏడుస్తూ అందరికీ దండం పెట్టాడు. మాలిక్ నా భుజం తట్టి, ఇంటికి పోయి పడుకోరా అన్నాడు. కొట్టినా బాగుండేది.

మా నష్టం కింద మాలిక్ కొట్టు అమ్మి డబ్బు ఇవ్వాలని తీర్పు.

డిసెంబర్ 20

గుంటూరు. ఈ రోగంలో జరగనివి కూడా జరిగినట్టు అనిపిస్తాయన్నాడు డాక్టర్. డోస్ పెంచాడు. ఏమో, నిజంగా పాతిపెట్టానా?

జనవరి 19

మిరప దున్నేసి వేసిన శనగకి పురుగు పట్టింది. ఈసారి మందు అన్నే కొడుతున్నాడు. బిందెతో నీళ్లు తీసుకెళ్లేసరికి డబ్బా సీలు తీస్తున్నాడు. మూత అంచుల్లో మట్టి ఎండి ఉంది. గట్టు మీద అలాంటివే ఇంకా తొమ్మిది.

అన్న తలెత్తి, మాత్ర వేసుకున్నావా అని అడిగాడు.

వేసుకున్నానన్నాను. ట్యాంకులో నీళ్లు పోశాను.