పగలని నల్లమద్ది

బాపూ,

ఈ రోజు మన కట్టె ఆరబెట్టే గది తలుపు తెరిచాం. నువ్వు పోయాక నల్లమద్ది పలకలు పెట్టడం ఇదే మొదటిసారి. ఇవీ పగిలితే గదిని గోదాముకు కిరాయికి ఇచ్చేస్తానని అమ్మకు మాటిచ్చాను.

నువ్వు మొదటి రోజే వేడి పెంచేవాడివి. పైన ఎండి, లోపల తడి మిగిలి, పలకలు చిట్లేవి. నేను వేడి తగ్గించి, ముందు ఆవిరి పట్టించి, నిదానంగా ఆరనిచ్చాను. చివర్లో లోపలి బిగువు సడలడానికి మళ్ళీ ఆవిరి. బతుకంతా కట్టెతో గడిపిన నీకంటే నాకు ఎక్కువ తెలుసా అని రోజూ అనుమానమే.

"అక్కా, మనం కట్టె ఆరబెడుతున్నమా, ఇడ్లీలు పెడుతున్నమా?" అని బాయిలర్ చూసే యాదగిరి ఒకటే నవ్వు.

ఇవాళ పలక నుంచి ముక్క కోసి దువ్వెనలా పళ్ళు చెక్కించాను. లోపల బిగువుంటే ఆ పళ్ళు వంగిపోతాయి, అలాంటి పలక ఇవాళ కాకపోతే రేపు పగులుతుంది. ఊపిరి బిగబట్టి చూశాం. నిటారుగా నిలబడ్డాయి!

"అమ్మకు నువ్వు చెప్తవా, నేను ఉరకాల్నా?" అంటూనే యాదగిరి ఉరికాడు.

అమ్మ వచ్చి పలకను నిమిరింది. "అయితే ముందు మన ఇంటి తలుపు మార్చు. మీ బాపు చేసిన తలుపు పగుల్ల నుంచి సలి కొడుతున్నది" అంది.

ఆ పగులుకు కన్ను ఆనించి, వచ్చిందెవరో చూశాకే నువ్వు గడియ తీసేవాడివి. కొత్త తలుపు పగలదు బాపూ. అందుకే నీ కంటి ఎత్తులో చిన్న కన్నం పెట్టమని వడ్రంగికి చెప్పాను.