కారు వెనక నిలబడ్డ ఏడుగురు

రవాణా అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పద్నాలుగో నంబరు బస్సు రద్దు, మా స్టాపులో ప్రయాణికులు సున్నా అని తేల్చిన లెక్కను సరిదిద్దించుట గురించి.

టైలరింగ్ షాపులో కటింగ్ మాస్టరుగా పనిచేయు నేను సవినయముగా మనవి చేసుకొనునది:

1. నా భార్యకు ఊపిరితిత్తుల జబ్బు. వారానికి రెండుసార్లు ఛాతీ ఆసుపత్రికి పోవలెను. పద్నాలుగో నంబరు ఆమెను మా వీధి చివర ఎక్కించుకుని ఆసుపత్రి మెట్ల దగ్గర దింపేది. సదరు బస్సును మూడు నెలల క్రితం "ఎక్కేవారు లేనందున" రద్దు చేసితిరి.

2. లేరని తేల్చిన రోజున నేను అక్కడే ఉన్నాను. తమ సిబ్బంది ఇద్దరు ఉదయం ఎనిమిదింటికి తమరి కారులో వచ్చి, దానిని సరిగ్గా బస్సు ఆగు చోటనే నిలిపి, అద్దాలు ఎత్తుకుని, ఏసీ కోసం ఇంజను ఆపకుండా లెక్క పెట్టిరి. కారు వెనక నా భార్యతో కలిపి మేము ఏడుగురం. బస్సు వచ్చింది, ఆగడానికి చోటు లేక హారను కొట్టి వెళ్ళిపోయింది. మూడు బస్సులు అలాగే పోయాయి.

"సార్, కాస్త ముందుకు జరపండి, బస్సు ఆగట్లేదు" అని అద్దం తట్టాను.

"లెక్క పెడుతున్నాం, కనబడట్లా?"

"మరి మమ్మల్ని లెక్కపెట్టారా?"

"ఎక్కినవాళ్ళనే రాయాలి మాస్టారూ. నిలబడ్డవాళ్ళకి గడి లేదు" అని ఫారం చూపించారు. నిజమే, లేదు.

3. కంచే చేను మేసిన చందమున, ఆ ఇంజను పొగకు నా భార్య ఆ పూటంతా దగ్గినది.

4. బస్సు పోయాక ఏడుగురిలో ఇద్దరు అప్పోసప్పో చేసి కార్లు కొన్నారు. అందులో ఒకరు ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ. ఆమెను తప్పుపట్టను, ఆలస్యమైతే ఉద్యోగం ఊడుతుంది. ఆ రెండు కార్ల పొగ కూడా ఇప్పుడు మా ఆవిడే పీలుస్తోంది.

5. స్టాపు నంబరు రాసిన రేకు పీకేసి అదే స్తంభానికి "గాలిని కాపాడుదాం, వారానికొక రోజు కారు మానేద్దాం" అని బోర్డు కట్టించితిరి. ఒక్కరోజు మానేసినవారికి ప్రశంసాపత్రమట! ఏడు రోజులూ మానేసినవాళ్ళం, మాకు ఉన్న బస్సు తీసేసితిరి. సిగ్గనిపించలేదా సార్?

6. ఆటోలకు ఇచ్చుకోలేక పోయిన నెల ఆసుపత్రికి నడిచి బయలుదేరాము. కాలిబాట నిండా కార్లే, రోడ్డు వారనే నడవాలి. సగం దూరంలో ఆమె ఒక షాపు మెట్టు మీద కూలబడి, "నాకు బాగానే ఉంది, ఇంటికి పోదాం పదండి" అంది. ఆమెకు బాగాలేదు. ముప్పై ఏళ్ళ కాపురం, అబద్ధమాడితే నాకు తెలియదా? ఆనాటి నుండి ఆసుపత్రి మానేసింది. నాకు భయంగా ఉంది.

కావున తమరు స్వయముగా ఒక్క ఉదయం మా స్టాపుకు నడిచి వచ్చి, మాతో నిలబడి, నిలబడియే చిత్తగించవలెను. బస్సును తిరిగి నడిపించవలెను.

తమ విధేయుడు,
కటింగ్ మాస్టరు

తా.క.: తమ కార్యాలయం మా ఇంటికి నాలుగు వీధులే. తమరు కళ్ళారా చూస్తారని మా ఆవిడను కూడా మెల్లగా నడిపించుకొచ్చాను. గేటు దగ్గర వాచ్‌మన్, "కారు నంబరు రాస్తేనే పాసు. నంబరుకు ఒక్కరే" అన్నాడు. కారు లేదంటే, "మరెలా వచ్చారు?" అని నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఆనాడు స్టాపులో నిలిపిన తమరి కారు నంబరు నాకు కంఠతా వచ్చు. అదే రాశాను. సెల్యూట్ కొట్టి గేటు తీశాడు. ఈ నాలుగు ముక్కలు లోపల బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. మా ఆవిడ బయట గోడ పక్కన దగ్గుతోంది, ఇక్కడికి వినబడుతోంది. ఆమె పేరున రాయడానికి నాకు ఇంకో కారు నంబరు తెలియదు సార్.