తల్లి థీమ్, పిల్ల థీమ్

మార్చి 3, సోమవారం

వయొలిన్లు బాగుచేసే ఆవిడ వెబ్‌సైట్ దాదాపు పూర్తయింది. శనివారం ఆవిడ కొత్త షాపు తెరుస్తున్నారు. ఆ రోజుకు సైట్ సిద్ధంగా ఉంటుందని మాట ఇచ్చాను.

సైట్ రూపురేఖలన్నీ ముందే అమర్చి ఉండే రెడీమేడ్ థీమ్ ఒకటి తీసుకుని, దాని ఫైళ్లు తెరిచి, నాకు కావలసినట్టు తిరగరాస్తున్నాను. ఫిజిక్స్ చెప్పి రిటైరైన నాకు ఇది వ్యసనమైంది. ఒక్క లైను మారిస్తే మెనూ ఎడమకు జరుగుతుంది. ఎందుకు జరిగిందో తెలిసేదాకా కుర్చీలోంచి లేవబుద్ధి కాదు. ఇవాళ ఒక బటన్ అమర్చాను. నొక్కితే రిపేరుకు ముందు వయొలిన్ చేసిన రొద, మళ్లీ నొక్కితే తరువాతి నాదం.

మార్చి 4, ఉదయం

థీమ్‌కు అప్‌డేట్ వచ్చిందట. కొత్తదానిలో ఏముందో చూద్దామని నొక్కాను.

కాసేపటికి

నేను చేసినదంతా పోయింది.

సాయంత్రం

బ్యాకప్ ఉంది. అందులో రాతలూ ఫొటోలూ ఉన్నాయి, థీమ్ ఫైళ్లు లేవు. ఇంతటి తెలివి నాదే.

చెల్లెలి కూతురు కంపెనీలో ఇదే పని చేస్తుంది. ఫోన్‌లో సంగతి చెప్పగానే, అయ్యో పెద్దమ్మా, అద్దింట్లో గోడలు పగలగొట్టి అలమరాలు కట్టుకుంటే ఓనరు వచ్చి పూడ్చేయడా అని పడీపడీ నవ్వింది. తెచ్చుకున్న అసలు థీమ్ తల్లి అట, అందులో చెయ్యి పెట్టకూడదట, మన మార్పులకు పిల్ల థీమ్ వేరే చేసుకోవాలట. పాస్‌వర్డ్ ఇచ్చెయ్, చిటికెలో చేసి పడేస్తా అంది. ఇవ్వనన్నాను. మొండిఘటానివి అంది. కాదనలేదు.

మార్చి 5

షాపావిడ ఫోన్ చేశారు. మేడమ్‌గారూ, తీగ తెగితే మేం వెంటనే మార్చేస్తాం, మీ పేజీకి తెగిందేమిటండీ అన్నారు. తరువాత గొంతు తగ్గించి, వాళ్ల అన్నయ్యకు తెలిసిన ఏజెన్సీ ఒకటుంది, పోనీ వాళ్లకి ఇచ్చేయమంటారా, మీకెందుకండీ ఈ వయసులో ఇంత శ్రమ అన్నారు. ఆ మెత్తదనమే గుచ్చుకుంది. శుక్రవారం దాకా ఆగమన్నాను.

మార్చి 6

ఈ పిల్ల థీమ్ వింతైనది. ఏ ఫైలు కావాలన్నా సిస్టమ్ ముందు పిల్ల దగ్గర వెతుకుతుంది. ఉంటే తల్లి నోరెత్తదు. లేకపోతే తల్లి తనది ఇచ్చేస్తుంది, అదీ దెప్పకుండా. ఇంత మర్యాదైన కుటుంబాన్ని నేను మనుషుల్లో చూడలేదు.

తీరా చూస్తే, నేను మార్చవలసినవి చాలా తక్కువ. మొదటిసారి అన్ని ఫైళ్లు ఎందుకు కెలికానో!

మార్చి 7

అయింది. నా మార్పులు నిలుస్తాయో లేదో చూద్దామని తల్లి థీమ్‌ను కావాలనే మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. నా మెనూ ఎడమనే ఉంది. బటన్ పలికింది.

మార్చి 8

షాపు తెరిచారు. వచ్చినవాళ్లు ఫోన్లలో ఆ బటన్‌ను పదేపదే నొక్కుతూనే ఉన్నారు. షాపంతా రొద, నాదం, మళ్లీ రొద. ఆవిడ నా దగ్గరికొచ్చి, ఇంక ఆపమనండి మేడమ్, చెవులు పోతున్నాయి అన్నారు. ఏజెన్సీ మాట ఎత్తలేదు.

మార్చి 10

పేరు తప్ప ఏమీ లేని పిల్ల థీమ్ ఒకటి చేసి ప్రివ్యూలో చూశాను. పేజీ మొత్తం వచ్చింది. అంతా తల్లిదే.

తరువాత నాది తెరిచాను. ఎడమన మెనూ, ఒక బటన్, కాస్త ముదురు రంగు. అంతే నాది.

కానీ నాదే.